ఉబుంటు 24.04కు మారగానే వైఫై మాయమైంది: నా అనుభవం

మా ఇల్లు చెన్నై పెరంబూరులో. పాఠ్యపుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థకు ఇంటి నుంచే తెలుగు ప్రూఫులు దిద్ది పంపుతాను. నా ల్యాప్‌టాప్ 2022లో, ఇక్కడి ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌గా కొన్నది. అమ్మిన దుకాణంలోని కుర్రాడే అందులో విండోస్‌కు బదులు ఉబుంటు 22.04 అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, వైఫై పనిచేసేలా సరిచేసి ఇచ్చాడు. ఆ వెర్షన్‌కు ఇంకా మద్దతు ఉంది కాబట్టి మార్చాలన్న తొందర కూడా నాకు లేదు. అయితే మా ఎడిటర్లందరూ మేం ప్రూఫులు దిద్దే ప్రోగ్రాం లిబ్రే ఆఫీస్ కొత్త వెర్షన్‌కు వెళ్లిపోయాక, నేను మార్జిన్‌లో రాసే వ్యాఖ్యలు, వాటికి వాళ్లిచ్చే జవాబులు వరుస తప్పి కనిపించడం మొదలైంది. నా దగ్గర ఉన్నది 7.3, ఉబుంటు 24.04తో వచ్చేది 24.2. అందువల్ల సోమవారం కొత్త పుస్తకం చేతికి వచ్చేలోపు అప్‌గ్రేడ్ చేసుకోవాలని నిశ్చయించుకున్నాను.

2025 జులై 18, శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాను. ఫైళ్లన్నీ ముందే బయటి డిస్కులోకి ఎక్కించి పెట్టుకున్నాను. డౌన్‌లోడ్‌కు నలభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత అదే చూసుకుంటుంది, మనం పడుకోవచ్చు అనుకుంటే కుదరదు. ఎప్పుడో ఎవరో చేత్తో మార్చిన సెట్టింగుల ఫైలు ఎదురైన ప్రతిసారీ, పాతదే ఉంచమంటారా, కొత్తది పెట్టమంటారా అని అడిగి, మనం జవాబిచ్చేదాకా అక్కడే నిలిచిపోతుంది. చివర్లో, ఇక అవసరం లేని పాత ప్యాకేజీలను తీసేయమంటారా అని కూడా అడిగింది. పాత సామాను కొన్నాళ్లు ఉండనీ అనుకుని వద్దన్నాను. మధ్యలో ఎక్కడో, పరుగెత్తుతున్న అక్షరాల నడుమ, 8821సీఈ అనే డ్రైవర్ (ఒక పరికరాన్ని నడిపే ప్రోగ్రాం) తయారీ విఫలమైందని ఒక వాక్యం వచ్చి పైకి జరిగిపోయింది. అప్‌గ్రేడ్ మాత్రం ఆగలేదు.

రాత్రి ఒంటి గంటకు రీస్టార్ట్ అయింది. కొత్త వాల్‌పేపర్ వచ్చింది, నా ఫైళ్లన్నీ ఉన్నాయి, తెలుగు కీబోర్డు కూడా చెక్కుచెదరలేదు. పైన కుడి మూలలో ఉండవలసిన వైఫై గుర్తు ఒక్కటే లేదు. సెట్టింగ్స్ తెరిస్తే 'నో వైఫై అడాప్టర్ ఫౌండ్' అని ఉంది. నెట్‌వర్కులు కనిపించి కలవకపోవడం వేరు, అసలు వైఫై అన్న పరికరమే ఈ యంత్రంలో లేదని చెప్పడం వేరు. రెండోది చదివినప్పుడు కడుపులో దేవినట్టు అయింది. ల్యాప్‌టాప్ పలచటిది, కేబుల్ పెట్టే లాన్ పోర్టు కూడా లేదు. ఇంటర్నెట్ లేకపోతే ఇంటర్నెట్ సరిచేసుకునే డ్రైవర్‌ను దించుకునే దారి లేదు. ఆ రాత్రి మూడింటిదాకా ఫోన్‌లో వెతుకుతూ, చూసినవాటిలో సగం నా యంత్రానికి సంబంధించినవో కావో తెలియక అలాగే పడుకున్నాను.

శనివారం పొద్దున అందరూ చెప్పే ప్రాథమిక చికిత్సలన్నీ చేశాను. ఏరోప్లేన్ మోడ్ మీట రెండు వైపులా నొక్కి చూశాను, బయోస్‌లో వైర్‌లెస్ ఆన్‌లోనే ఉందో లేదో చూశాను, ఛార్జర్ తీసేసి పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టాను. ఏమీ మారలేదు. ఇంట్లో ఫోన్లు అదే రౌటర్‌తో పనిచేస్తున్నాయి కాబట్టి దోషం రౌటర్‌లో లేదన్నది ఒక్కటే స్పష్టం.

ఎనిమిదింటికి బెంగళూరులో ఉన్న మా పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను. వాడు కంప్యూటర్ల పనిలోనే ఉన్నాడు. విషయమంతా విని, "అక్కా, ముందు నెట్ తెచ్చుకో, జబ్బు సంగతి తర్వాత చూద్దాం. ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి" అన్నాడు. తగిలించాను. ఫోన్ ఛార్జ్ అవుతోందే కానీ, ఫోన్‌లోని నెట్‌ను ల్యాప్‌టాప్‌కు అందించే ఆ టెథరింగ్ మీట బూడిద రంగులోనే ఉండిపోయింది. కొన్ని చవక కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవట. మా ఇంట్లో ఉన్న కేబుళ్లన్నీ ఒక్కొక్కటీ పెట్టి చూస్తే, ఫోన్ డబ్బాలోంచి వచ్చిన అసలు కేబుల్‌తో మీట వెలిగింది. మరుక్షణమే ల్యాప్‌టాప్ తనకు వైర్డ్ కనెక్షన్ దొరికిందని చెప్పింది, ఏ డ్రైవరూ అడగలేదు. నాకు అన్నిటికంటే ఉపయోగపడిన సంగతి మరొకటి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ ఇంటి వైఫైలో ఉండగా యూఎస్‌బీ టెథరింగ్ చేస్తే ఆ వైఫైనే ల్యాప్‌టాప్‌కు అందిస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. రోజువారీ డేటా కోటా అయిపోతుందని భయపడుతూ గడిపిన ఆ మొదటి గంట అనవసరపు బెంగ.

పని ఆగదని తేలాక, ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డే పోయిందేమో ఒకసారి చూపించుకుందామని మధ్యాహ్నం రిచీ స్ట్రీట్‌కు బయలుదేరాను. ఆదివారం అక్కడ చాలా దుకాణాలు మూసేస్తారు, సోమవారం నాకు పని ఉంది, కాబట్టి వెళ్తే ఆ రోజే వెళ్లాలి. పెరంబూరు నుంచి లోకల్ రైల్లో సెంట్రల్‌కు వెళ్లి, మెట్రోలో ఒకే స్టేషన్ దాటితే గవర్నమెంట్ ఎస్టేట్, అక్కడి నుంచి నడక. ల్యాప్‌టాప్ అమ్మిన పాత దుకాణం ఇప్పుడు లేదు, ఆ చోట సీసీ కెమెరాలు అమ్ముతున్నారు. పక్క సందులో రిపేర్లు చేసే ఒక దుకాణంలో చూపించాను. అతను తన దగ్గరున్న విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేసి, అందులోనూ వైఫై కనిపించకపోవడంతో, "వైఫై కార్డ్ పోచ్చు మేడమ్" అని, అంటే కార్డు పోయిందని తమిళంలో తేల్చాడు. కొత్త కార్డుకూ కూలికీ కలిపి 1,900 రూపాయలు, సోమవారం సాయంత్రం ఇస్తానన్నాడు. ఆ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌లలో అన్ని వైఫై చిప్‌లకూ డ్రైవర్లు ఉండవని, అందులో కనిపించనంత మాత్రాన కార్డు చచ్చిపోయినట్టు కాదని తర్వాత మా తమ్ముడు చెప్పాడు.

ఒప్పుకోబోతూ ఆగడానికి కారణం నా చెవిలో ఉంది. అతను కార్డు ధర చెబుతున్నప్పుడు ల్యాప్‌టాప్ మళ్లీ ఉబుంటులోకి వచ్చింది, వస్తూనే నా బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ టింగుమంటూ దానికి కలిశాయి. బ్లూటూత్ పనిచేస్తోంది కదా, అది ఆ కార్డులోది కాదా అని అడిగితే, అది వేరే చిప్ మేడమ్ అన్నాడు. ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ సాధారణంగా ఒకే కార్డులో ఉంటాయని ఎక్కడో చదివిన గుర్తు. అతని మాట మీద నమ్మకం కుదరలేదు. చూసినందుకు 300 ఇచ్చి యంత్రం వెనక్కి తీసుకున్నాను.

వట్టి చేతులతో రావడం ఇష్టం లేక, వీధి మొదట్లో 450 రూపాయలకు ఒక యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొన్నాను. డబ్బా మీద 'డ్రైవర్ ఫ్రీ' అని పెద్ద అక్షరాలతో ఉంది. ఇంటికొచ్చి పెడితే అది వైఫైగా కాక ఒక సీడీ డ్రైవ్‌గా ప్రత్యక్షమైంది. డ్రైవర్ ఫ్రీ అంటే డ్రైవర్ అక్కర్లేదని కాదు, విండోస్ డ్రైవర్‌ను ఆ డాంగిల్ కడుపులోనే పెట్టి ఇస్తారని అర్థమట. ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీ పక్కన ఉన్న ఎజెక్ట్ గుర్తు నొక్కగానే సీడీ మాయమై వైఫై గుర్తు వచ్చింది. మేడ మీది గదిలో సిగ్నల్ రెండు గీతలకు మించలేదు కానీ, ఆ రాత్రికి అది చాలు.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు తీరిగ్గా ఫోన్‌లోకి వచ్చాడు. వాడు మొదట చేయించిన పని నాకు తోచి ఉంటే శనివారం ప్రయాణం తప్పేది. అప్‌గ్రేడ్ చేసినా పాత కెర్నల్ (యంత్రం భాగాలను నడిపే ఉబుంటు లోపలి ముఖ్య భాగం) డిస్కులోనే ఉంటుంది, దాంతో బూట్ చేసి చూడమన్నాడు. దేనితో బూట్ చేయాలో ఎంచుకునే గ్రబ్ మెనూ, ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న యంత్రాల్లో దాగి ఉంటుంది. కంపెనీ లోగో రాగానే ఎస్కేప్ మీట ఒక్కసారి మాత్రమే నొక్కాలి. కంగారుపడి టకటకా నొక్కితే మెనూ దాటిపోయి నల్లటి తెర మీద గ్రబ్ అనే ప్రాంప్ట్ దగ్గర పడతాం. నేనూ పడ్డాను, పవర్ ఆపి మళ్లీ మొదలుపెట్టాను. మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' లోపల రెండు వరుసలు కనిపించాయి, కొత్తది 6.8, పాతది 5.15. పాతదాన్ని ఎంచుకుని ఎంటర్ నొక్కాను. డెస్క్‌టాప్ వచ్చింది, రెండు క్షణాల తర్వాత కుడి మూలలో వైఫై గుర్తు వచ్చింది, మా ఇంటి నెట్‌వర్క్‌కు తనంతట తానే కలిసింది. నేను ఫోన్‌లో కేక పెట్టాను. అవతల వాడు, "సరే అక్కా, పంతొమ్మిది వందలు మిగిలాయి" అన్నాడు.

సోమవారం అంతా పాత కెర్నల్‌తోనే పనిచేశాను. లిబ్రే ఆఫీస్ కొత్తదే కాబట్టి వ్యాఖ్యల వరుస సరిగ్గా వస్తోంది, వైఫై నిలకడగా ఉంది. ఇలాగే వదిలేద్దామా అని నిజంగానే అనిపించింది. కానీ ఉబుంటు 24.04కు వచ్చే భద్రతా అప్‌డేట్లు కొత్త కెర్నల్‌కు వస్తాయి, పాత 5.15కు రావు. పైగా ప్రతిసారీ ఎస్కేప్ నొక్కి కూర్చోవడం ఎన్నాళ్లు?

ఆ రాత్రి తొమ్మిదింటికి కొత్త కెర్నల్‌లోకి వెళ్లి, డాంగిల్ పెట్టుకుని, నా తెరను తమ్ముడికి చూపిస్తూ కూర్చున్నాను. కార్డు రియల్‌టెక్ 8821సీఈ. దుకాణం కుర్రాడు 2022లో చేసిందేమిటంటే, ఈ చిప్‌కు బయట ఎవరో రాసి ఉంచిన డ్రైవర్‌ను తెచ్చి, డీకేఎంఎస్ అనే ఏర్పాటులో పెట్టాడు. కెర్నల్ మారిన ప్రతిసారీ ఆ డ్రైవర్‌ను కొత్త కెర్నల్‌కు తగ్గట్టు యంత్రమే మళ్లీ తయారుచేసుకోవడం ఆ ఏర్పాటు పని. 5.15 వరుసలో ఉన్నన్నాళ్లూ అది సాఫీగా సాగింది. 6.8కు వచ్చేసరికి కెర్నల్ లోపలి వ్యవహారం చాలా మారిపోయి, ఆ పాత కోడు తయారు కాలేదు. శుక్రవారం రాత్రి పైకి జరిగిపోయిన వాక్యం అదే.

మొదట మాకు తోచిన దారి, ఆ బయటి డ్రైవర్‌కే కొత్త వెర్షన్ తెచ్చి పెట్టడం. తెచ్చాం, ఈసారి తయారైంది కూడా. నడపబోతే, 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, మన యంత్రంలో మనం తయారుచేసిన డ్రైవర్‌ను సంతకం లేకుండా లోపలికి రానివ్వదు. సంతకానికి ఒక పాస్‌వర్డ్ పెట్టి రీస్టార్ట్ చేస్తే ఒక నీలం తెర వస్తుంది, అందులో ఒప్పుకోలు చెప్పాలి. ఆ నీలం తెర పది సెకన్లే ఉంటుందని ఎవరూ చెప్పలేదు. నీళ్లు తాగి వచ్చేలోపు అది దాటిపోయి మామూలుగా బూట్ అయిపోయింది, మొదటి నుంచీ పాస్‌వర్డ్ పెట్టవలసి వచ్చింది. సెక్యూర్ బూట్ ఆపేస్తే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. బయటి వాళ్ల పుస్తకాలు, ఒప్పందాలు ఉండే యంత్రంలో నాకు అది నచ్చలేదు.

రెండోసారి నీలం తెర కోసం కాచుకుని కూర్చోబోతుండగా తమ్ముడు ఆపాడు. అంతకు ముందు వాడు ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆదేశంతో కార్డు వివరాలు తీయించాడు. అది ఇంకా తెర మీద పైన కనిపిస్తోంది. కార్డు పేరు ఉంది. దాని కింద 'కెర్నల్ మాడ్యూల్స్' అన్న వరుసలో ఆర్‌టీడబ్ల్యూ88_8821సీఈ అని ఒకే పేరు ఉంది. సౌండ్ కార్డుకూ మిగతా వాటికీ ఉన్న 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అనే వరుస మాత్రం దీనికి లేదు. అంటే ఈ కార్డుకు తగిన డ్రైవర్ కెర్నల్‌లోనే సిద్ధంగా ఉంది, దాన్ని ఎవరూ లోపలికి పిలవడం లేదు. "ఉన్న డ్రైవర్ ఎందుకు రావట్లేదో చూడకుండా లేనిదాని కోసం తంటాలు పడుతున్నాం అక్కా" అన్నాడు వాడు.

సిస్టమ్ సెట్టింగులు ఉండే ఇటీసీ కింద, డ్రైవర్ల సెట్టింగులకు వాడే మోడ్‌ప్రోబ్ డాట్ డీ అనే ఫోల్డర్‌లో 8821 అన్న అంకెతో వెతికించాడు. ఒక చిన్న ఫైలు బయటపడింది. తేదీ 2022. లోపల ఒకే ఒక్క వరుస, బ్లాక్‌లిస్ట్ అన్న మాట, దాని పక్కన ఆ కెర్నల్ డ్రైవర్ పేరు. ఈ చిప్‌కు కెర్నల్‌లో డ్రైవర్ 2020 నుంచే ఉంది. తొలి రోజుల్లో దానితో కనెక్షన్ నిలవడం లేదని చాలామంది బయటి డ్రైవర్ వాడేవారు, రెండూ పోటీ పడకుండా కెర్నల్‌లోని దాన్ని ఇలా అడ్డుకునేవారు. ఆ కుర్రాడు ఆనాటికి సరైన పనే చేశాడు. అప్‌గ్రేడ్ వచ్చి బయటి డ్రైవర్‌ను పడగొట్టింది, చేత్తో రాసిన ఆ అడ్డును మాత్రం మర్యాదగా అలాగే ఉంచింది. అల్లుడు కాపురం మార్చేసినా గుమ్మం దగ్గర కూర్చుని కొత్తవాళ్లను రానివ్వని కాపలావాడిలా ఉంది వ్యవహారం.

ఆ వరుసను యంత్రం పట్టించుకోకుండా దాని మొదట్లో ఒక హ్యాష్ గుర్తు పెట్టాం. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను కొత్తగా తయారుచేసే ఆదేశం ఇచ్చాం, ఎందుకంటే బూట్ సమయంలో చదివే ఆ ప్రతిలో కూడా పాత అడ్డు ఉండిపోవచ్చు. డాంగిల్ తీసేసి రీస్టార్ట్ చేశాను. రాత్రి పదకొండుం పావుకు, కొత్త కెర్నల్‌లో, కార్డు వైఫై వచ్చింది. వైఫై వచ్చిన సంతోషంకంటే, ఇంత రగడకూ మూలం ఒక్క వరుస అన్న చిరాకే ఎక్కువగా ఉండి చాలాసేపు నిద్ర పట్టలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను, కాలేదు. మంగళవారం ఉదయం ఎడిటర్లతో వీడియో మీటింగ్‌లో ఉండగా ఉన్నట్టుండి నా బొమ్మ నిలిచిపోయింది. వైఫై గుర్తు అలాగే ఉంది, డేటా మాత్రం కదలదు. ఒక నిమిషం తర్వాత దానంతట అదే కోలుకుంది. మధ్యాహ్నం మళ్లీ అదే. తమ్ముడు ఆఫీసులో ఉన్నాడు, సాయంత్రం దాకా ఆగాలి. మీటింగులకు ఫోన్ కేబుల్‌తో నెట్టుకొచ్చాను.

దీనికి కారణం పవర్ సేవింగ్. ఉబుంటులో నెట్‌వర్క్ మేనేజర్ వైఫై కార్డును కరెంటు పొదుపు స్థితిలో ఉంచుతుంది. దాని సెట్టింగుల ఫోల్డర్‌లో 'డిఫాల్ట్ వైఫై పవర్‌సేవ్ ఆన్' అనే పేరుతో ఒక ఫైలు ఉంటుంది, అందులో విలువ 3 అని ఉంటే పొదుపు ఉన్నట్టు, 2 అని మారిస్తే ఆగినట్టు. మంగళవారం రాత్రి 2 చేశాను. బుధవారం ఆగడాలు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. ఆ రోజు రాత్రి ఏఎస్‌పీఎం అనే మరో పొదుపు పద్ధతిని ఈ డ్రైవర్ వరకు ఆపేసే ఒక వరుసను, మోడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లోనే కొత్త ఫైలుగా రాయించాడు తమ్ముడు. ఈసారి ఫైలు పైన, ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో తెలుగులోనే ఒక వ్యాఖ్య పెట్టాను. గురువారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కసారి కూడా తెగలేదు. బ్యాటరీ అరగంట తక్కువ వస్తున్నట్టు అనిపిస్తోంది. ఎప్పుడూ ఛార్జర్ పక్కనే ఉండే నాకు అదొక లెక్క కాదు.

ఒక చిన్న ఇబ్బంది మాత్రం 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌లో ఉండగా బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే కనిపించేది. మాట గరగరలాడేది. రెండూ ఒకే కార్డు, అవే తరంగాలు. రౌటర్‌లోని 5 గిగాహెర్ట్జ్ పేరుకు మారాక అది పోయింది. ఇయర్‌ఫోన్స్‌ను తప్పుపట్టలేను, దుకాణంలో నన్ను ఆపింది అవే.

ఇలాంటి స్థితిలో ఎవరైనా కార్డు పోయిందని చెబితే, డబ్బు కట్టేముందు పాత కెర్నల్‌తో ఒకసారి బూట్ చేయమంటాను. పాతది మిగల్లేదంటే, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు 24.04 ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై ఉబుంటు' అని నడిపి చూస్తే చాలు. అందులో మన పాత ఫైళ్ల అడ్డులేవీ ఉండవు, కార్డు బతికి ఉంటే వైఫై అక్కడే కనిపించాలి. డౌన్‌లోడ్ దాదాపు 6 జీబీ ఉంటుంది కాబట్టి ఫోన్ ఇంటి వైఫైలో ఉండగానే టెథరింగ్‌తో దించుకోవడం మంచిది.

ఇక మిగిలింది పాత డ్రైవర్ తాలూకు చెత్త. దాన్ని వెంటనే తీయలేదు, ఒక వారం చూద్దామనుకున్నాం. కానీ ఏ అప్‌డేట్ చేసినా చివర్లో అదే 8821సీఈ తయారీ విఫలం అన్న వాక్యం వస్తూనే ఉంది. జులై 27, ఆదివారం డీకేఎంఎస్ నుంచి దాన్ని తొలగించాను, దాని సోర్స్ ఫోల్డర్‌ను కూడా తుడిచేశాను. తర్వాతి కెర్నల్ అప్‌డేట్ ఆగస్టులో వచ్చింది. ఫోన్ కేబుల్ పక్కన పెట్టుకునే రీస్టార్ట్ చేశాను, దాని అవసరం రాలేదు. డాంగిల్‌ను వెనక్కి తీసుకోమని అడిగితే డబ్బా చించారు కాబట్టి కుదరదన్నారు.